సెలవుకూ పాస్‌పోర్టు చూస్తారు

“మీ టీచర్లకేమమ్మా, ఏడాదిలో సగం సెలవులేగా!” ఈ మాట అనని మనిషి మా చుట్టాల్లో లేడు. పెళ్లి భోజనాల దగ్గర అన్నారు, ఆసుపత్రి వరండాలో అన్నారు, రిజిస్ట్రార్ ఆఫీసులో వరసలో నిలబడ్డప్పుడు ముక్కూ మొహం తెలియనాయన కూడా అన్నాడు. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ స్కూలు టీచరంటే జీతం దిర్హాముల్లో, సెలవులు నెలల్లో అని ఊరు ఊరంతా తీర్మానించేసుకుంది. నేను ఏళ్ల తరబడి గల్ఫ్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చినదాన్ని. ఆ తీర్మానం అబద్ధం. అబద్ధమని తెలిసీ దాన్ని పెంచి పోషించేవాళ్లున్నారు, దాని మీద డబ్బు చేసుకునేవాళ్లున్నారు. వాళ్లకి ఈ వ్యాసం నచ్చదు. నచ్చకూడదు.

ఇంటర్నేషనల్ స్కూలు అనే బోర్డు కింద ఒక లోకం లేదు, రెండున్నాయి. దుబాయ్‌లో ప్రైవేటు బడులు రెండు వందలు దాటాయి. అన్నిటికంటే ఎక్కువమంది పిల్లలు బ్రిటిష్ సిలబస్‌లో ఉన్నారు, తర్వాతి స్థానం మన ఇండియన్ సిలబస్‌ది. రెంటినీ అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఒకటే, కేహెచ్‌డీఏ. రెంటికీ వర్తించే కార్మిక చట్టం ఒకటే. చాలాచోట్ల యజమాని కూడా ఒకడే. ఒకే కంపెనీ ఈ వీధిలో బ్రిటిష్ స్కూలు నడుపుతుంది, పై వీధిలో సీబీఎస్ఈ స్కూలు నడుపుతుంది. ఈ వీధి టీచరుకి దక్కే విశ్రాంతి పై వీధి టీచరుకి దక్కదు. ఇద్దరూ చెప్పేది అవే భిన్నాలు, అవే త్రిభుజాలు. ఇద్దరి మీదా కాసేది అదే ఎండ.

బ్రిటిష్ స్కూలు ఆగస్టు చివర్లో తెరుచుకుని జులై మొదట్లో మూతపడుతుంది. మధ్యలో అక్టోబరులో ఓ హాఫ్ టర్మ్ సెలవు, డిసెంబరులో శీతాకాలం సెలవు, ఫిబ్రవరిలో మరో హాఫ్ టర్మ్, మార్చి ఏప్రిల్ నెలల్లో ఇంకోటి. ఆపైన దాదాపు రెండు నెలల వేసవి. మన సీబీఎస్ఈ స్కూలు ఏప్రిల్లో మొదలై మార్చిలో ముగుస్తుంది. దానికీ జులై, ఆగస్టు సెలవే. దానికీ డిసెంబరు సెలవు ఉంది. క్యాలెండర్లు రెండూ పక్కన పెట్టి రోజులు లెక్కపెట్టే గుమాస్తాకి పెద్ద తేడా కనబడదు. తనిఖీకి వచ్చిన అధికారికీ కనబడదు. మోసం దాక్కున్నది ఆ లెక్క వెనకాలే.

సెలవు ఎన్ని రోజులన్నది సగం ప్రశ్న. ఏడాదిలో ఎక్కడ పడిందన్నది మిగతా సగం, అసలు సగం. బ్రిటిష్ స్కూలుకి జులై అంటే ఏడాది తీరిపోవడం. పరీక్షలయ్యాయి, రిపోర్టులు ఇళ్లకు వెళ్లాయి, ఆ పిల్లలు వచ్చే ఏడు ఇంకో టీచరు చేతికి పోతారు. ఆమె బల్ల ఖాళీ చేసి, గదికి తాళం వేసి, విమానం ఎక్కుతుంది. బుర్రలో బడి ఉండదు. మన స్కూలుకి జులై అంటే ఏడాది నడిమధ్య. ఏప్రిల్లో ఎత్తుకున్న పాఠాలు మూడు నెలలు నడిచి సగంలో ఆగుతాయి. యూనిట్ టెస్టు పేపర్లు కట్టలు కట్టి సూట్‌కేసులో పెట్టుకోవాలి. పిల్లలకిచ్చిన హాలిడే హోంవర్కుకి మనమే జవాబుదారీ. అర్ధ సంవత్సర పరీక్షలకు ప్రశ్నపత్రాలు సెలవుల్లోనే తయారవ్వాలి. పన్నెండో తరగతి చెప్పే టీచరైతే సరేసరి, పోర్షన్ వెనకబడిందనే బెంగ ఆమెతోపాటే ఊరికి వస్తుంది.

మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే మేడమ్‌ది భీమవరం పక్కన పల్లె. తండ్రి పోయిన ఏడాది సంవత్సరీకం జులైలో పడింది, ఆ ఒక్కందుకు ఆమె సంతోషించింది, సెలవు అడుక్కోనక్కర్లేదు కదా అని. తద్దినం రోజు పొద్దున్న పదిన్నరకి ఆమె మేడ మీది గదిలో తలుపేసుకుని, మడి చీర మీదే, బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, పన్నెండో తరగతికి ఆన్‌లైన్లో విద్యుదయస్కాంతం చెప్పింది. కింద అన్నగారు పిండాలు పెడుతున్నాడు. కరెంటు పోతే పిల్లలు వెళ్లిపోతారని ఇన్వర్టర్ పక్కనే కూర్చుంది. క్లాసు సగంలో ఉండగా కో-ఆర్డినేటర్ లాగిన్ అయ్యాడు, హాజరు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టమన్నాడు. ఆ క్లాసుకి అదనపు డబ్బు ఒక్క దిర్హాము లేదు. ఎందుకంటే కాగితం ప్రకారం ఆ రోజు ఆమె సెలవులో ఉంది.

ఇప్పుడు చెప్పండి, అది సెలవా? “ఒక్క గంటేగా” అంటారేమో. ఆ గంట ఎవరిది? మీ నాన్న తద్దినం రోజున మీ ఆఫీసు ఆ గంట అడిగితే మీరు ఊరుకుంటారా?

మరి ఏడాది చివర, మార్చిలో, మన స్కూళ్లకు విరామం లేదా అంటే ఉంది. అది పిల్లలకు. ఫలితాలు ఎక్కించడం, రిపోర్టు కార్డులు, ఫెయిలైన పిల్లల తల్లిదండ్రులతో మాటలు, కొత్త క్లాసులకు టైమ్‌టేబులు, గోడలకు కొత్త చార్టులు, కొత్త టీచర్లకు ఓరియెంటేషన్. ఇవన్నీ ముగించి ఊపిరి పీల్చుకునేలోపు ఏప్రిల్ మొదటి వారం గుమ్మంలో ఉంటుంది. ఒక ఏడాదిని పూడ్చి ఇంకో ఏడాదిని తవ్వుకోవడానికి మధ్య ఒక వారం కూడా తనకంటూ మిగలని టీచరుని పట్టుకుని, ఏడాదిలో సగం సెలవులని నోరు పారేసుకుంటారా?

పండగల సంగతి చెప్పక తప్పదు. శీతాకాలం సెలవులు జనవరి మొదటి వారంతో సరి. సంక్రాంతి సరిగ్గా ఆ తర్వాతి వారం. అంటే గల్ఫ్‌లో పనిచేసే తెలుగు టీచరు తన పిల్లలకి భోగిమంట చూపించాలంటే ఉద్యోగం మానెయ్యాలి. ప్రీ-బోర్డు పరీక్షలు కూడా అప్పుడే కాబట్టి సెలవు చీటీ పెట్టడానికే చెయ్యి వణుకుతుంది. దేశం అరబ్బులది, వాళ్ల పండగలకి వాళ్లు సెలవిచ్చుకుంటారు, అందులో నాకు పేచీ లేదు. రంజాన్ నెలలో పని గంటలు తగ్గిస్తారు, అది మంచి పద్ధతి, మేమూ దాని మేలు పొందాం. నా పేచీ మనవాళ్లతో. ఇండియన్ సిలబస్, ఇండియన్ యజమాని, గోడ మీద జాతీయ నాయకుల పటాలు, అసెంబ్లీలో సంక్రాంతి గొప్పతనం మీద ప్రసంగం. ఆ ప్రసంగం రాసిచ్చేది తెలుగు టీచరు. ఆ రోజున ఆమెకు ఆరు పీరియడ్లు.

చట్టం సంగతికి వద్దాం. ఇంగ్లాండు ప్రభుత్వ బడుల్లో టీచరు ఏడాదికి 195 రోజులు పనికి అందుబాటులో ఉండాలి, అందులో పాఠాలు 190 రోజులే. హెడ్మాస్టరు చెప్పి చేయించగల పని ఏడాదికి 1,265 గంటలు దాటకూడదని రాతపూర్వకంగా ఉంది. దిద్దుబాటూ, పాఠాల తయారీ దానికి పైనే ఉంటాయి, నిజమే. అయినా ఒక హద్దు ఉంది. మన విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, ఏమంటుంది? ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి కనీసం 220, టీచరు వారానికి కనీసం 45 గంటలు. అన్నీ కనీసాలే. వాళ్ల కాగితం ఇంతకు మించి చేయించొద్దంటుంది. మనది ఇంతకు తగ్గనివ్వొద్దంటుంది. ఇంగ్లాండు నుంచి దుబాయ్ వచ్చే టీచరు ఆ హద్దును మనసులో పెట్టుకుని వస్తుంది, యజమానికి ఆ సంగతి తెలుసు, కాబట్టి జాగ్రత్తగా మాట్లాడతాడు. మనం ఏ హద్దూ లేని చోటి నుంచి వస్తాం. ఆ సంగతీ యజమానికి తెలుసు.

సీబీఎస్ఈకి విదేశాల్లో రెండు వందలకు పైగా స్కూళ్లున్నాయి. ఢిల్లీలో కూర్చుని సిలబస్ పంపుతుంది, పరీక్ష పెడుతుంది, గుర్తింపు ఇస్తుంది. ఆ బడుల్లో టీచరుకి నిజంగా ఎన్ని రోజులు ఇంటి మొహం చూసే వీలుందో అడగదు. అడగాల్సిన బాధ్యత లేదనుకుంటే ఆ గుర్తింపు పత్రం మీద సంతకం ఎందుకు?

ఇక ఎమిరేట్స్ కార్మిక చట్టం. 2021లో చేసి 2022 ఫిబ్రవరి నుంచి అమలు చేశారు. ఏడాది సర్వీసుకి 30 రోజుల వార్షిక సెలవు. ఖతర్‌లో 2004 చట్టం ప్రకారం ఐదేళ్ల లోపు వాళ్లకి మూడు వారాలు, ఆపైన నాలుగు. సౌదీలో 21 రోజులు, ఐదేళ్లు దాటితే 30. కువైట్‌లో 30. ఇవన్నీ కంపెనీ గుమాస్తాకీ, గిడ్డంగి మేనేజరుకీ, టీచరుకీ కలిపి రాసిన చట్టాలు. బడి సెలవుల కోసం రాసినవి కావు. ఈ చట్టం దాటి టీచరుకి ఏం దక్కుతుందన్నది పూర్తిగా కాంట్రాక్టు చేతిలో ఉంది. అక్కడ తెలుస్తుంది అసలు రంగు. బ్రిటిష్ స్కూలు కాంట్రాక్టులో పనిదినాలు ఇన్ని, టికెట్టు ఏ ఊరికి, వేసవి జీతం ఏ తేదీన అని ఉంటుంది. నేను సంతకం పెట్టిన కాగితంలో సెలవులు “స్కూలు క్యాలెండరు ప్రకారం, యాజమాన్యం విచక్షణకు లోబడి” అని ఒక్క ముక్క ఉంది. ఆ ఒక్క ముక్కతో చట్టమిచ్చిన నెల రోజులు పోను మిగతా వేసవంతా వాళ్ల దయాధర్మం అయిపోయింది. ఆగస్టులో ఎప్పుడు రమ్మంటే అప్పుడు రావాలి. టికెట్టు ముందే కొనుక్కున్నావా, మార్చుకో. జులై మొదటి వారంలో గల్ఫ్ నుంచి హైదరాబాదుకి విమానం ధర రెండింతలు, మూడింతలు అవుతుందని గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలుగింటికీ తెలుసు. ఆ తేదీని నిర్ణయించేవాడు టికెట్టు డబ్బివ్వడు. టికెట్టు డబ్బు పెట్టుకునేదానికి తేదీ చెప్పే హక్కు లేదు.

టికెట్టు ఎందుకివ్వడంటే, నేను ‘లోకల్ హైర్’ని. భర్త వీసా మీద ఉన్న ఆడవాళ్లని అక్కడికక్కడ తీసుకుంటే ఇల్లు ఇవ్వక్కర్లేదు, టికెట్టు ఇవ్వక్కర్లేదు, జీతం కూడా తగ్గించొచ్చు. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లు నిలబడి ఉన్నది ఈ ఆడవాళ్ల భుజాల మీద. ఎమ్మెస్సీలు, బీఈడీలు చదివి, మొగుడి ఉద్యోగం కోసం దేశం దాటి, ఇంట్లో ఊరికే కూర్చోలేక బడికొచ్చినవాళ్లు. “మీ ఆయన సంపాదిస్తున్నాడుగా మేడమ్” అనే మాట వాళ్ల జీతపు చీటీ మీద కంటికి కనబడకుండా అచ్చయి ఉంటుంది. ఇద్దరు టీచర్లు పక్కపక్క గదుల్లో ఒకే తరగతికి పాఠం చెబుతారు, ఒకరికి ఏటా ఇంటికి టికెట్టు, ఒకరికి శూన్యం. ఇది పొదుపు అంటారు వాళ్లు. దోపిడీ అంటాను నేను.

వేసవి జీతం కథ వినండి. నేను మొదట చేరిన చోట జులై, ఆగస్టు జీతాలు సెప్టెంబరులో తిరిగొచ్చి సంతకం పెట్టాకే వేసేవారు. రానివాళ్లకి అవి గల్లంతు. పదినెలలు చెమటోడ్చిన మనిషి తన రెండు నెలల జీతం కోసం తిరిగి రావాలి, అంటే ఆ జీతం పూచీకత్తు, ఆమె తాకట్టు. ఆ వేసవి ఊళ్లో ఇంటి అద్దెకీ, అత్తగారి కంటి ఆపరేషన్‌కీ అప్పు చేసి తిరిగొచ్చిన టీచర్లు నా కళ్ల ముందు ఉన్నారు. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అడిగితే “ఇది ఎప్పట్నించో ఉన్న పద్ధతి మేడమ్” అన్నారు. ఎప్పట్నించో ఉన్న అన్యాయానికి పద్ధతి అని పేరు పెట్టుకుంటే అది న్యాయమైపోతుందా?

ఇంకా లోపలికి వెళ్దాం. ఎమిరేట్స్ చట్టంలో ప్రసూతి సెలవు 60 రోజులు. 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం. ఇండియాలో 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. యజమాని భారతీయుడు, టీచరు భారతీయురాలు, సిలబస్ భారతీయం, సెలవు మాత్రం అరవై రోజులు. చట్టం అరవై అంది, అంతకు మించి ఇవ్వొద్దని ఎక్కడా అనలేదు. అయినా ఇవ్వరు. అందుకని మా స్టాఫ్ రూములో కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టేవారు, కానుపు మే చివర్లోనో జూన్‌లోనో పడితే వేసవి కలిసొస్తుందని. పాలు తాగే బిడ్డను ఇంకో నాలుగు వారాలు ఒళ్లో ఉంచుకోవడానికి కడుపు పండే నెలను బడి క్యాలెండరుతో సరిచూసుకునే చదువుకున్న ఆడవాళ్లు. దీన్ని చూసి మీ రక్తం ఉడకకపోతే మీతో నాకు మాటల్లేవు.

ఇదంతా గల్ఫ్ సంగతేలే అనుకోకండి. సింగపూర్ చట్టం ప్రకారం మొదటి ఏడాది ఉద్యోగికి 7 రోజుల వార్షిక సెలవు, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి 14 దాకా. కొరియాలో పెద్ద ఇంటర్నేషనల్ స్కూలు టీచరుకి నెలల సెలవు, అదే నగరంలో సాయంత్రం ట్యూషన్ సెంటరులో ఇంగ్లిష్ చెప్పేవాడికి రెండు వారాలు దొరికితే గొప్ప. చైనాలో జాతీయ పండగకి వారం రోజులిచ్చి, దానికి బదులు శనివారమో ఆదివారమో పని చేయిస్తారు. ఎక్కడికెళ్లినా ఒకటే సూత్రం. సెలవును నిర్ణయించేది పని బరువు కాదు, పిల్లల అవసరం కాదు, ఎండా చలీ కాదు. టీచరు చేతిలోని పాస్‌పోర్టు. ఆసియా స్కూళ్ల ఉద్యోగ ప్రకటనలు చూడండి. బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులై ఉండాలి అని సిగ్గులేకుండా రాస్తారు. ఇంగ్లిష్ మీడియంలో పుట్టి పెరిగి, ఇంగ్లిష్‌లో ఎమ్మే చేసిన విజయవాడ అమ్మాయికి ఆ జాబితాలో చోటు లేదు. తీసుకుంటే గీసుకుంటే అసిస్టెంటుగా తీసుకుంటారు, ఆ కాంట్రాక్టులో సెలవులు వేరు, జీతం వేరు, కూర్చునే గది కూడా వేరు.

యజమానుల జవాబు నాకు నోటికొచ్చు. “మా ఫీజులు తక్కువ మేడమ్, బ్రిటిష్ స్కూళ్లతో మమ్మల్ని పోలిస్తే ఎలా?” ఫీజు తక్కువే, ఒప్పుకుంటాను. మధ్యతరగతి భారతీయులు పిల్లల్ని చదివించుకోగలుగుతున్నది అందువల్లే, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ తక్కువ ఫీజు భారం ఎవరి నెత్తిన పెట్టారు? భవనం అద్దె తగ్గించారా? యజమాని లాభం తగ్గిందా? బస్సు కంపెనీవాడు తగ్గించుకున్నాడా? టీచరు వేసవిని కోసి ఆ ముక్కతో ఫీజు తగ్గించారు. పైగా ఆన్‌లైన్ క్లాసు, ముందస్తు పిలుపు, జీతం తొక్కిపెట్టడం, ఇవి ఫీజుకి సంబంధించినవే కావు. టీచరుని ఆమె సెలవులో ఆమెనే వదిలెయ్యడానికి యజమానికి ఒక్క దిర్హాము ఖర్చు కాదు.

“సెలవులిస్తే పిల్లల చదువు పాడవుతుంది” అనేది రెండో జవాబు. దుబాయ్‌ని ఆనుకునే షార్జా ఉంది. 2022 జనవరి నుంచి అక్కడ వారానికి నాలుగు రోజులే బడి, శుక్ర, శని, ఆదివారాలు సెలవు. పనిచేసే రోజుల్లో గంటలు కొంచెం పెంచారు. ప్రభుత్వమే పూనుకుని ఇచ్చింది. షార్జాలో మన సీబీఎస్ఈ స్కూళ్లూ ఉన్నాయి. అక్కడి పిల్లలు పరీక్షలు రాస్తున్నారు, పాసవుతున్నారు, ఇంజనీర్లవుతున్నారు. ఆకాశం ఊడిపడలేదు. ఏళ్ల తరబడి ఒక్క రోజు కూడా ఇవ్వలేమని గుండెలు బాదుకున్న యజమానులే ఆదేశం వచ్చిన మర్నాడు నోరెత్తకుండా వారానికో రోజు ఇచ్చారు. ఇవ్వలేకపోవడం కాదు, ఇవ్వకపోవడం.

ఇక మీ వంతు, తెలుగు తల్లిదండ్రులారా. గల్ఫ్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో పనిచేసే మీకు మీ సెలవంటే ప్రాణం. మిగిలిన సెలవులకి డబ్బు లెక్కగట్టి ఇవ్వకపోతే హెచ్ఆర్‌తో పోట్లాడతారు. ఆదివారం మేనేజరు ఫోను చేస్తే నెల రోజులు చెప్పుకుని ఏడుస్తారు. అదే మీరు పేరెంట్స్ గ్రూపులో జులై పదో తేదీన రాత్రి తొమ్మిదింటికి, ‘మా వాడికి డౌట్ ఉంది, మేడమ్ ఆన్‌లైన్లోకి వస్తారా’ అని మెసేజ్ పెడతారు. రాకపోతే యాజమాన్యానికి ఫిర్యాదు చేస్తారు. మీ బిడ్డ డౌటు ముఖ్యమే. ఆ మేడమ్‌కీ ఓ బిడ్డ ఉంది. పక్క వీధి బ్రిటిష్ స్కూలు టీచరుకి జులైలో ఆ మెసేజ్ పెట్టే ధైర్యం మీకుందా? లేదు. తెల్లావిడ నవ్వి తలుపేస్తుందని తెలుసు. మన అమ్మాయైతే తెరుస్తుందని తెలుసు. ఆ తెలివికి మీరు పెట్టుకున్న పేరు ‘మన టీచర్లు డెడికేటెడ్’.

ఈ జబ్బు ఎడారిలో పుట్టింది కాదు. మన హైదరాబాదులో, విజయవాడలో పుట్టింది. ఆదివారం పరీక్ష, సంక్రాంతి సెలవుల్లో స్పెషల్ క్లాసు, వేసవిలో బ్రిడ్జి కోర్సు, లెక్చరరుకి నెలకో సెలవు పెట్టాలన్నా భయం, ఇవన్నీ మన కార్పొరేట్ కాలేజీల కానుకలు. ఇంటర్ బోర్డు సెలవులు ప్రకటిస్తుంది, కాలేజీ గేటు వెనకాల క్లాసులు నడుస్తాయి, అధికారులు నోటీసులిస్తారు, మళ్లీ ఏడాది అదే. ముప్పై ఏళ్లుగా ఆ గేట్ల ముందు లక్షలు కట్టి నిలబడింది మనమే. విశ్రాంతి లేని చదువే చదువని మనమే నమ్మాం. మనమే గల్ఫ్‌కి దాన్ని మోసుకెళ్లాం.

ప్రభుత్వాన్ని వదిలేది లేదు. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు కూలి పనికి వెళ్లేవాళ్ల కాంట్రాక్టు చూడటానికి 1983 వలస చట్టం కింద ఓ వ్యవస్థ ఉంది. దాని పనితీరు ఎంత ఘోరమైనా ఉండటమంటూ ఉంది. పదో తరగతి పాసైతే చాలు, ఆ తనిఖీ అక్కర్లేదు. టీచరు పీజీ చదివింది కాబట్టి ఆమె కాంట్రాక్టును చూసే దిక్కే లేదు. చదువుకున్నందుకు ఆమెకు దక్కిన శిక్ష అది. నర్సుల విషయంలో 2015లో కేంద్రం కళ్లు తెరిచింది. వాళ్లూ చదువుకున్నవాళ్లే, అయినా మోసాలు భరించలేనంతగా పెరిగేసరికి ఆ దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ ఏజెన్సీల చేతికి తెచ్చింది. అలాంటి ఏజెన్సీలు మనకూ ఉన్నాయి, తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్. నర్సుకి చేసింది టీచరుకి ఎందుకు చెయ్యరు? టీచరు కాంట్రాక్టులో పనిదినాలు, వేసవి జీతం తేదీ, సెలవులో పని చేయిస్తే చెల్లింపు, ఈ మూడూ అంకెల్లో లేకపోతే ఆ స్కూలుకి ఇక్కడ ఇంటర్వ్యూలు పెట్టే అనుమతి లేదు అని ఒక్క జీవో చాలు. ఎన్నారై సభల్లో శాలువాలు కప్పించుకునే మంత్రులు ఆ జీవో గురించి ఒక్క వాక్యం మాట్లాడగా నేను వినలేదు.

చివరికి నా సాటి టీచర్లు. మీ మీద నాకు కోపం ఎక్కువ, ప్రేమ ఉంది కాబట్టి. తద్దినం రోజున క్లాసు తీసుకున్న ఆ మేడమ్‌ని స్టాఫ్ మీటింగులో నిలబెట్టి చప్పట్లు కొట్టించినప్పుడు మీరంతా కొట్టారు. ఆ చప్పట్లతో మర్నాటి నుంచి మీ అందరి సెలవులకీ ఎసరు పెట్టుకున్నారు. “అడ్జస్ట్ అయిపోదాం అక్కా, మనకెందుకు గొడవ” అన్న ప్రతి నోరూ వెనకొచ్చే అమ్మాయి మెడకో ముడి వేసింది. జీతం తొక్కిపెడితే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చెయ్యొచ్చు. భర్త వీసా మీద ఉన్నా వర్క్ పర్మిట్ ఉన్న ప్రతి టీచరుకీ ఎమిరేట్స్ కార్మిక చట్టం వర్తిస్తుంది. ఆ సంగతి స్టాఫ్ రూములో పైకి చెప్పడానికి కూడా భయపడ్డాం. ఒక్కరు వెళ్తే ఉద్యోగం పోతుంది. నలభై మంది వెళ్తే ఏప్రిల్లో బడి తెరవలేరు. లెక్కల టీచర్లకి ఈ లెక్క రాదా?

ఏప్రిల్ కోసం జనవరి ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదు హోటళ్లలో ఇంటర్వ్యూలు పెడతారు. ఫైలు చంకన పెట్టుకుని వెళ్లే అమ్మాయీ, జీతం ఎంతని అడిగే ముందు క్యాలెండరు అడుగు. జులై జీతం ఏ తేదీన అకౌంటులో పడుతుందో అడుగు. ఆగస్టులో ముందే పిలిస్తే రోజుకెంత ఇస్తారో అడుగు. మాటతో సరిపెట్టుకోక రాసిమ్మను. “ఇవన్నీ మొదటిసారి అడుగుతున్నది మీరే మేడమ్” అంటాడు ఏజెంటు. ఫైలు మూసి లేచి వచ్చెయ్.

ఈ వ్యాసం చదివి, రాసిందెవరని పాత స్టాఫుకి ఫోన్లు చేసే యజమానులుంటారు. ఫోన్లు దండగ, సవాలు తీసుకోండి. మీ బ్రిటిష్ స్కూలు టీచరు కాంట్రాక్టు ఒకటి, మీ సీబీఎస్ఈ స్కూలు టీచరు కాంట్రాక్టు ఒకటి తీసి, పేర్లు కొట్టేసి, పక్కపక్కన మీ బడి గేటుకి అంటించండి. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులంతా పొద్దున్నే చదువుకుంటారు. నేను అబద్ధమాడానని తేలితే అదే గేటు ముందుకొచ్చి క్షమాపణ చెబుతాను.